నీ పేరు తీసి నా పేరు పెట్టిన

యాదన్నా,

నువ్వు కాలం చేసి ఇయ్యాల్టికి ఏడాది. శంషాబాద్ ఆఫీసుల నీ పని ఇప్పుడు నేనే చేస్తున్న.

మన కస్టమర్ల మిషన్లకు సెట్టింగులు పంపే సిస్టంల నుంచి పాత ప్రాజెక్టులు తీసేయమన్నరు. అండ్ల నువ్వు చేసిన మందుల గోదాం ప్రాజెక్టు గూడ ఉన్నది. "అదెవరూ వాడట్లేదమ్మా, తీసెయ్యి," అన్నరు మేనేజర్ సారు. నాకు నమ్మబుద్ధి కాలే. నిన్ను అడుగుదామంటే నువ్వు లేవు. పూర్తిగ తుడిచేయకుండ, ముందుగాల బంద్ చేసి చూసిన.

జరసేపటికే సాతంరాయిల ఉన్న ఆ మందుల గోదాం నుంచి ఫోనొచ్చింది. "మేడం, కోల్డ్ రూం మిషన్ ఆగింది! లోపల ఇన్సులిన్ ఉన్నది, జల్ది చూడున్రి!"

ఆ మిషన్ ఇంకా నీ ప్రాజెక్టు పంపే సెట్టింగులతోనే నడుస్తున్నదన్నా. ఎంటనే ఆ బంద్ తీసి మళ్ల చాలూ చేసిన. వాళ్లు "మిషన్ నడుస్తున్నది, మందులు మంచిగనే ఉన్నయి" అనేదాక ఫోను పెట్టలే.

"ఇకమీదట దీని బాధ్యత ఎవరిది?" అని సారు అడిగిన్రు. నాదే అని చెప్పి, సిస్టంల ఆ ప్రాజెక్టు కాడ నీ పేరు తీసి నా పేరు పెట్టిన. పెట్టేటప్పుడు ఏడుపొచ్చింది.

ఇంక తీసేయాల్సినయి చానా ఉన్నయి. సగం నువ్వు చేసినయే. ఏది ఎక్కడ నడుస్తున్నదో చెప్పేటోళ్లు లేరు. రేపు మళ్ల కూసోవాలె. భయమైతున్నదన్నా.

నీ లత