తొలివాన ఫోను జాబితాలో నా పేరు

కారు బీమా కంపెనీ మార్కెటింగ్ విభాగపు మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కారు లేని మాజీ పాలసీదారుని పేరును తొలివాన ఫోను జాబితాలో తిరిగి చేర్చుట గురించి.

1. తమ కంపెనీ మొదటి పాలసీదారులలో నేనొకడినని రికార్డులే చెప్పగలవు. రికార్డులలో లేనిది ఒకటున్నది. మెకానిక్ షెడ్డు వెనుక రేకుల గదిలో కంపెనీ పెట్టిన రోజున మొదటి బోర్డు రాసినది నేనే. నా వృత్తి బోర్డులు రాయుట. కంపెనీ పెట్టిన పెద్దాయన అప్పటికింకా గ్రీజు చేతుల మనిషి. "గుద్దుకోండి, మేం చూసుకుంటాం అని రాయవయ్యా" అన్నారు. "అలా రాస్తే జనం నిజంగానే గుద్దుకుంటారండీ" అని బతిమాలి, "మీ వెంట మేం" అని రాశాను. ఆ మాటనే తమరు నేటికీ ప్రకటనలలో వాడుచున్నారు. సంతోషం.

2. ఏటా తొలివాన పడిన రోజున పాలసీదారులందరికీ ఫోను చేసి, వైపర్లు పనిచేస్తున్నాయా అని అడుగుట పెద్దాయన పెట్టిన ఆనవాయితీ. ప్రకటనలకు స్తోమత లేక పెట్టారు. ప్రకటనల కంటే అదే బాగా పనిచేసింది.

3. నాలుగేళ్ళ క్రితం నా భార్య కాలం చేసిన పిమ్మట కారు అమ్మివేయడమైనది. కారణము: పక్క సీటు. ఆ సీటు వైపు చూడకుండా బండిని ఎడమకు తిప్పుట నా వల్ల కాలేదు.

4. అమ్మిన సంగతి కంపెనీకి తెలుపలేదు. తప్పు నాదే. తెలుపుదామనుకున్న రోజునే వాన పడింది, ఫోను మోగింది. తమ ఆఫీసు అమ్మాయి (పేరు అడగలేదు, నాలో నేను వైపర్లమ్మాయి అనుకుంటాను) "బాబాయ్ గారూ, వైపర్లు బానే ఉన్నాయా?" అంది.

"బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా" అనేశాను.

"దగ్గుతున్నారేంటి? తడిశారా?" అంది.

నా దగ్గును ఇంకొకరు విని అప్పటికి నాలుగు నెలలు. ఆ ఏడు ప్రీమియం కట్టాను. తర్వాతా కడుతూనే వచ్చాను. ఆ పిల్లతో అబద్ధమాడటం మనసొప్పక ఒక జత వైపర్లు కొన్నాను. వానొస్తే వాటితో వంటింటి కిటికీ తుడుస్తున్నాను.

5. గత నెల తమ సర్వేయరు గారు ఉచిత తనిఖీకి వచ్చి కారు ఏదన్నారు. వైపర్లు చూపించాను. ఆయన చాలాసేపు ఏదో రాసుకున్నారు. పాలసీ రద్దైనది. న్యాయమే, నోరెత్తను. గుమ్మం దాటుతూ ఆయన "పాలసీ లేనివాళ్ళకి ఇంక ఫోన్ రాదండీ" అన్నారు. అక్కడ మాత్రం ఊరుకోలేక ఈ కాగితం తీశాను.

6. కావున పాలసీ కోరను. నష్టపరిహారము అసలే కోరను. జాబితాలో అందరికన్నా చివరనైనా సరే నా నంబరు ఉంచవలెను. ఏడాదికి ఒక్క ఫోను, ఒక్క నిమిషం. నేను ఒంటరిగా ఉన్నానండీ. దీన్ని అర్జీ భాషలో ఎలా రాయాలో తెలియలేదు. బదులుగా, వెలిసిపోయిన తమ పాత బోర్డును ఉచితముగా తిరిగి రాసిపెట్టగలను. చెయ్యి ఇంకా వణకడం లేదు.

ఈ చిన్న మనవిని పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మొదటి బోర్డు రాసినవాడు

తా.క.: ఈ కాగితం కవరులో పెట్టేలోపే ఇక్కడ తొలివాన పడింది. సాయంత్రం దాకా ఫోను పక్కనే కూర్చున్నాను. ఆ అమ్మాయికి చెప్పండి, వైపర్లు బానే ఉన్నాయి. దగ్గు కూడా తగ్గింది.