కప్పు ఊపితే ఆపాలి

గురువారం రాత్రి



ఇవాళ మధ్యాహ్నం నేను పనిచేసే యూరప్ రాయబారి ఇంట్లో విందు. వచ్చినవాడు నాతోపాటు పనిచేసే హవ్వా వాళ్ల దేశపు తాత్కాలిక ప్రభుత్వంలో మంత్రి. ఆ దేశానికి ఇచ్చే సాయం గురించి మాటలు.

“మా ఊరు తగలబెట్టించింది వీడే. తమ్ముడు లోపలే ఉండిపోయాడు,” అంది హవ్వా వంటింట్లో.

“నువ్వుండు, కాఫీ నేను పోస్తాను,” అన్నాను. వినలేదు.

మంత్రి చాలన్నట్టు కప్పు ఊపాడు. హవ్వా ఆపలేదు. మరుగుతున్న కాఫీ అతని చేతిమీదుగా ఒళ్లోకి కారింది. అతని గార్డు కాఫీ కూజా లాక్కుని దాంతోనే హవ్వా మొహం పగలగొట్టాడు. రాయబారి పరుగున వచ్చి ఐసు పెట్టాడు, మంత్రి చేతికి!

హవ్వాను ఎక్కడికి తీసుకెళ్లారో ఎవరూ చెప్పరు.

తివాచీ మీద రక్తం నేనే తుడిచాను. మాటలు మళ్లీ మొదలయ్యాయి. మంత్రి ఎడమచేత్తో కప్పు నావైపు చాచాడు.

పోశాను. ఊపగానే ఆపాను.