లహరికి చెప్పాల్సిన మాట

బాళగనూరు,
జులై 28

ప్రియమైన అహల్యక్కకు,

ఫోన్ చెయ్యకుండా ఈ రాతలేంటని విసుక్కుంటావని తెలుసు. ఈ ఇంట్లో ఫోనెత్తితే స్పీకరు పెట్టాల్సిందే, మా అత్తగారు వినాల్సిందే. ఇది ఆవిడ వినే సంగతి కాదు.

బెంగళూరు డాక్టరు ఏం ఫరవాలేదన్నాడని మీ అందరికీ చెప్పాను కదా, అబద్ధం. నా ఒంట్లో శక్తే నా మీద తిరగబడే ఈ లూపస్ జబ్బు కిడ్నీల దాకా వచ్చిందట. పాత మందులకు ఇక లొంగదట. కొత్త ఇంజెక్షన్ ఒకటుంది, ఇంకా పరీక్షల్లోనే ఉంది. చాలామందికి జబ్బు అణిగిందన్నాడు. కానీ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని కూడా తుడిచిపెట్టేస్తుందట. ఇన్ఫెక్షన్ సోకి ఇద్దరు పోయారని దాచకుండా చెప్పాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకొద్దని చెప్పి లేచొచ్చేశాను.

బతికుంటే బలుసాకు తినొచ్చని నువ్వంటావు. ఏం బతుకక్కా ఇది? ఎండపొడ తగిలితే ముఖం కాలిపోతుంది. మన చేలో ఊడ్పులు జరుగుతుంటే తలుపు చాటు నుంచి చూస్తున్నాను. స్టెరాయిడ్లకు బుగ్గలు ఉబ్బితే, నాట్లేసే చెన్నవ్వ "అమ్మోరికి కాలవ నీళ్లు మంచిగ ఒంటబట్టినయి" అని మురిసిపోయింది. నవ్వేసి, లోపలికెళ్లి ఏడ్చాను.

ఎలాగూ పోయేదాన్ని, ఉన్నన్నాళ్లు నా లహరి పక్కనే ఉంటాను. పదో తరగతి పిల్లని వదిలి ఆసుపత్రి గదిలో పోయే ధైర్యం నాకు లేదు. నీ మరిదికి చెప్పకు, నా మీద ఒట్టు.

నీ చెల్లెలు,
కుసుమ


బాళగనూరు,
సెప్టెంబరు 30

అక్కా,

నా మొండితనం దిగింది. దించింది లహరి.

కొన్నాళ్లుగా దానికి వేళ్ల నొప్పులు. రాతపని ఎక్కువైందనుకున్నాం. మొన్న స్కూల్లో ఆటల పోటీల నుంచి వచ్చేసరికి బుగ్గలూ ముక్కూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాళ్ల నాన్న ఎండదెబ్బన్నాడు. ఆ ఎరుపు నేను రోజూ అద్దంలో చూసేదే. రాయచూరు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. అదేనక్కా, నా జబ్బే. దానికి ఇప్పటికి మాత్రలు చాలట. ఇప్పటికి.

తిరిగొస్తుంటే బస్సులో అడిగింది. "ఆ కొత్త మందు ఎందుకు వద్దన్నావమ్మా?"

"నీకెవరు చెప్పారే?"

"బెంగళూరుకి నీకు తోడొచ్చింది నేనే కదా. గది బయటికి అంతా వినపడింది."

ఇన్నాళ్లూ తెలిసీ నోరెత్తలేదు నా తల్లి. "రేపు నాకూ అదే రాస్తే, నన్నూ వద్దంటావా?" అంది.

ఇంటికి రాగానే నీ మరిదికి అంతా చెప్పేశాను. కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు. డాక్టరుకి ఫోన్ చేశాం. మళ్లీ పరీక్షలు చేయిస్తే కిడ్నీలు ఇంకా దెబ్బతిన్నాయి. అప్పుడే వచ్చి ఉండాల్సిందన్నాడు. అయినా మందు వేస్తానన్నాడు, నేను సరేనన్నాను. సోమవారం ప్రయాణం. ముందు శక్తినగర్ వచ్చి లహరిని మీ క్వార్టర్లో దింపుతాం. ఎండలో తిప్పకు.

భయం పోలేదక్కా. కానీ నేను వేయించుకోలేని మందుని దాన్ని వేయించుకోమని ఎలా చెప్పను?

ఒక్క మాట. నేను తిరిగి రాకపోతే, మందు వికటించి అమ్మ పోయిందని దానికి చెప్పకు, నిజం అదే అయినా సరే. ఆ మందంటే దానికి భయం పట్టకూడదు. మీ అమ్మ మొండికేసి ఆలస్యం చేసింది, అందుకే పోయిందని చెప్పు.

నీ
కుసుమ