వాల్వులు వేడెక్కేదాకా

ఐలన్నా,

రాష్ట్రం వచ్చింది. నువ్వు దవాఖానలో కన్నుమూసిన ఏడాదికి వచ్చింది. ఇవాళ జనగామ చౌరస్తాలో సంబురాల సభకు నీ పాత వాల్వు ఆంప్లిఫైయర్ డబ్బానే తీసుకుపోయాను. కొత్తది కిరాయికి తెస్తామని మనవాళ్లు అన్నా వినలేదు.

దీక్షా శిబిరంలో నాకు గిటార్ నేర్పుతూ నువ్వు చెప్పిందే చేశాను: "జర వేడెక్కనియ్యి చెల్లె, అప్పటిదాక డబ్బా పలుకదు. డబ్బా మీద వాల్యూమ్ పెంచు, గిటార్ మీద తగ్గించు. మెల్లగ మీటితే మనిషి గొంతు లెక్క పలుకుతది."

స్విచ్ వేసి, గాజు వాల్వులు ఎర్రబడేదాకా తలవంచి వాటినే చూస్తూ నిలబడ్డాను. మన సభలన్నీ అమరులకు మౌనంతోనే మొదలవుతాయి కదా, జనం అదే అనుకున్నారు. ముందు వరుసలో ఒక అవ్వ లేచింది. ఆమెను చూసి అందరూ లేచారు. చౌరస్తాలో చప్పుడే లేదు.

కాసేపటికి అవ్వే అన్నది, "ఇగ అందుకో బిడ్డా."

తీగ మీటాను. నువ్వన్నట్టే పలికింది.

దవాఖానలో పోయినవాళ్ల కోసం సభల్లో ఎవరూ లేచి నిలబడరు. అది డబ్బా వేడెక్కడానికి ఆగిన ఆగుడని నేనూ ఎవరికీ చెప్పలేదు. నీ డబ్బా ముందు జనగామ నిలబడింది అన్నా.

నీ చెల్లె,
రజిత