పది లక్షల ఒకటితో ఏడు రోజులు

13 జూన్ 1949, సోమవారం. పొద్దున 6.
శపథం పట్టాను! శనివారం బడిలో నోరు జారాను. 10,00,001 ప్రధాన సంఖ్య, ఒకటి తప్ప ఏ చిన్న సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించలేదు అనేశాను. కోదాడ నుంచి కొత్తగా వచ్చిన ఐలయ్య మాస్టారు రుజువు అడిగాడు. వారంలో చూపిస్తే ఎనిమిదో తరగతి లెక్కలు నావే. లేదంటే ఆయనవి, నాకు డ్రిల్లు. ఇది పెద్దసారు తీర్పు. మిర్యాలగూడలో పన్నెండేళ్లుగా లెక్కలు చెబుతున్న ఈదయ్యకు డ్రిల్లా!
వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు 168. వాటితో భాగించి చూస్తే చాలు. రోజుకు 24, ఏడు రోజులు. ఎంత పని!

సాయంత్రం 5. రెండు నుంచి 89 దాకా ఖతం. ఒక్కదానితోనూ పోలేదు. నేను మామూలువాణ్ణి కాను.

14, మంగళవారం.
97: శేషం 28.
101: ఇది నూరు, పైన కొసరు. మా ఆవిడ లచ్చమ్మ మోదుగు విస్తళ్లు నూరు అమ్మితే ఒకటి ఊరికే ఇస్తుంది. దాన్నెవరు లెక్కపెడతారు? నూరుతో పోనిది కొసరుతో పోతుందా? వదిలేశాను.
తర్వాతివి పది చేశాను. వేళ్లు నొప్పి.

15, బుధవారం.
ఐదు. 163 దగ్గర శేషం 163 కన్నా పెద్దదొచ్చింది. తప్పు పాళీది.

16, గురువారం.
వేములపల్లిలో పెళ్లి. బూరెలు: తొమ్మిది. భాగారాలు: లేవు.

17, శుక్రవారం.
బూరెలు అరగలేదు. ఆలోచించడం కూడా భాగారమే.

18, శనివారం.
మిగిలినవాటికి ఎర్ర సిరాతో పట్టిక గీశాను. చూడముచ్చటగా ఉంది. సిరా అయిపోయింది.

19, ఆదివారం. మధ్యాహ్నం 3.
ఇంకా 127 ఉన్నాయి. అన్నీ చూశానని చెప్పేద్దామనుకున్నాను. విస్తళ్లు కుడుతున్న లచ్చమ్మ, అన్నీ నిజంగానే చూశావా అని అడిగింది. నూటొకటి తప్ప అన్నాను. కొసరుకు లెక్కేమిటన్నాను.
ఆమె పుల్ల కింద పెట్టింది.
"తీసుకునేటోళ్లకు ఉండదయ్యా. కుట్టినదాన్ని, నాకుంటది."
ఆమె ముఖం చూడలేక భాగించాను. 9,901. శేషం సున్నా. మళ్లీ చేశాను. సున్నా. మంగళవారం పొద్దున్నే తేలిపోయేది!
సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఆమె కుట్టిన విస్తళ్లు నేనొక్కసారీ లెక్కపెట్టలేదు.

20, సోమవారం.
నిజం చెప్పేశాను. ఐలయ్య మెల్లగా, "నేనూ వేసి చూళ్లేదండీ. మీరు చేస్తారు కదాని ఊరుకున్నాను" అన్నాడు.
అయినా లెక్కలు ఆయనకే పోయాయి. నా చేతికి ఈల వచ్చింది. ఎండలో పిల్లల చేత చేతులెత్తిస్తుంటే, ఎనిమిదో తరగతి కిటికీలోంచి ఆయన చెప్పే భాగారాలు వినబడ్డాయి. ఏడుపొచ్చింది.

సాయంత్రం 5.
ఒక్కసారి ఓడితే సంఖ్యలు కరువా? కొత్త శపథం: 1,00,00,001. ఇది మాత్రం కచ్చితంగా ప్రధాన సంఖ్యే! రోజుకు 50. 2, 3, 5, 7 అప్పుడే చూసేశాను. పోలేదు!
తర్వాతిది పదకొండు. అది కూడా ఇప్పుడే చూడమంటుంది లచ్చమ్మ. తొందరేముంది? రేపు పొద్దున చూస్తాను.