ఆమె పిన్నుకు చిక్కిన నా లుంగీ పోగు

కడప జిల్లా ప్రొద్దుటూరు కాపురస్థుడు దూదేకుల నబీసాబు కొడుకు ఖాసీం, వయసు 54, ప్రస్తుతం దోహాలోని నజ్మాలో ఉంటూ పాతగోరీల తవ్వకాల క్యాంపులో డ్రైవరు డ్యూటీ చేసే నేను, గుండె చెడినా బుద్ధి చెడక ముందే, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా.

1. ప్రొద్దుటూరు ఇంట్లో నా వంతు, నాయన దూది ఏకిన విల్లు మా పెద్దక్కకు సర్వహక్కులతో చెందవలెను. విల్లు అటకెక్కించొద్దక్కా, చెదలు పడతాది.

2. కిటికీ పక్క మంచం, టేపురికార్డరు నా గదిలో ఉండే లక్నో ముఖ్తారుకు. ఉర్దూ సరిగా రాని నువ్వేం ముసల్మానువని తొమ్మిదేండ్లు ఎగతాళి చేసినాడు. జ్వరమొస్తే గంజి కాచిందీ వాడే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత వాడిది. వాడికి తెలుగు రాదు, నా వచ్చీరాని ఉర్దూలో అంతా విప్పి చెప్పినాను.

3. అసలు సంగతి ఇది. 1993 చలికాలంలో అల్ షహానియా అవతల పదమూడు వందల ఏండ్ల నాటి గోరీ తవ్వినారు. ఆడమనిషి. ఎముకలు, భుజం కాడ ఒకప్పుడు బట్టకు గుచ్చిన రాగి పిన్ను తప్ప ఏమీ మిగల్లేదు. ఇసుకగాలి లేస్తే అందరూ పరిగెత్తినారు. ఆడమనిషిని అట్లా వదిలేసి పోతారా, యా అల్లా! నా ప్రొద్దుటూరు మగ్గం లుంగీ కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టినాను. మూడు రోజులకు తీసినప్పుడు రెండు పోగులు పిన్నుకు పట్టిన పచ్చ చిలుములో అంటుకుపోయినాయి. నేను చూసుకోలేదు.

తవ్వకాల పెద్ద సారు ఆ పోగులను భూతద్దంలో చూసి, ఆమె బట్టవే అనుకుని గంతేసినాడు. బట్టను బట్టి మనిషిది ఏ జాతో చెప్పొచ్చునంట. ఈమె హిందుస్తాన్ మనిషని పుస్తకంలో అచ్చేసినాడు. అవి నా లుంగీ పోగులని నాకు అర్థమైంది, అయినా నోరు మూసుకున్నాను. ఉద్యోగ భయం కాదు. ఈ ఇసుకలో మావైపు మనిషి ఒకతి ఉండాదంటే ధైర్యంగా ఉండేది. ఎముకలు తీసుకుపోయినాక కూడా ప్రతి శుక్రవారం ఆ ఖాళీ గుంత కాడ కూర్చుని తెలుగులో మాట్లాడుకున్నాను. పెద్దక్కకు జాబులో రాయనివన్నీ చెప్పుకున్నాను.

4. ట్రంకుపెట్టెలోని ఆ లుంగీని సారుకు పంపవలెను. పోగు పక్కన పోగు పెట్టి చూసుకోమనండి. దూదేకులోణ్ణి, నూలు విషయంలో పొరపడను. ఆమె ఎవరి బిడ్డో నాకు తెలీదు, సారుకూ తెలీదు. మూడు రోజులు నా లుంగీ కప్పుకున్నందుకు మా దేశస్థురాలైపోయింది. పద్దెనిమిదేండ్లు ఇక్కడివాళ్ళిచ్చిన తెల్ల తోబులే, ఆ పొడుగు అంగీలే తొడుక్కున్నాను, నన్ను ఒక్కరూ ఈ ఊరివాడనలేదు. ఈ అబద్ధం నాతోపాటు పూడ్చొద్దు.

5. నన్ను ఇక్కడే పెట్టండి. కుట్టులేని తెల్ల కఫను చాలు, ఇంకేమీ వెయ్యొద్దు. మట్టి వేసేముందు మాత్రం తెలుగు వచ్చినవాళ్ళెవరైనా "పోయిరా ఖాసీమూ" అనవలెను. ఎవరూ దొరక్కపోతే ముఖ్తారే అనాలి. ఆ రెండు మాటలు అరబ్బీ అక్షరాల్లో రాసి వాడి జేబులో పెట్టినాను.

దోహా, 3 నవంబరు 1996
(సంతకం) దూదేకుల ఖాసీం

నేను సంతకం చేస్తుండగా చూసిన సాక్షులు, తెలుగు చదవలేరు:
1. జహాంగీర్
2. ఖుత్బుద్దీన్