కమలకు సరిపోయే ఒళ్లు

జూన్ 14

కరీంనగర్ నుంచి ఇప్పుడే ఇల్లు చేరాను. డాక్టరమ్మ అన్న మాట బస్సులో దారంతా చెవిలోనే ఉంది... "మీ చెల్లెకు మీ కిడ్నీని మించింది దొరకదు. ఒకే పోలికతో పుట్టిన కవలలు మీరు. కానీ ఇప్పుడు మీ దగ్గర తీసుకోలేను."

సుగర్ హద్దు మీద ఉంది. బీపీ ఎక్కువ. కాలేయానికి కొవ్వు. బరువు సంగతి అడగనే అక్కర్లేదు. ఇలాంటి మనిషికి ఒక కిడ్నీ తీసేస్తే రేపు అక్కాచెల్లెళ్లిద్దరూ డయాలసిస్ మంచాల మీదే ఉంటారట.

కమల బయట వరండాలో కూర్చుని ఉంది. డాక్టరమ్మ ఏమన్నదని అడగలేదు. నా మొహం చూసి, "ఆకలైతుందక్కా, ఏమన్న తిందాం పా" అంది. దానికి ఆకలి లేదు. నాకు తెలుసు.

జూన్ 15

మొదటి షిఫ్టు. లాంప్ రూమ్ కిటికీ దగ్గర నిలబడి బొగ్గు బాయిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందిస్తున్నా — చేతులు పనిచేస్తున్నాయి, మనసు లేదు. మా ఆయన పోయాక కంపెనీ ఇచ్చిన ఉద్యోగం ఇది. ఇందులో చేరినప్పుడు సన్నగా ఉండేదాన్ని. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి చక్కెర చాయ్, మిర్చి బజ్జీ. పగలు నిద్ర పట్టక మళ్లీ చాయ్. లేచి కుప్పలా అన్నం. ఇన్నేళ్లూ ఇదే బతుకు.

జూన్ 22

కమల ఊరు ఖానాపూర్ వెళ్లాను. పత్తి గింజలు పెడుతున్నారు. కమల చేనుకు పోలేదు, మంచం మీద ఉంది. కాళ్లు ఉబ్బాయి. మోకాళ్ల నొప్పులని ఏళ్ల తరబడి దుకాణం గోళీలు మింగింది — కిడ్నీలు అలా పోయాయి.

కమల మొగుడు, మరిది భూమన్న గడపలో కూర్చుని, "నా రక్తం కలవలే వదినా... నువ్వొక్కదానివే ఉన్నవ్" అన్నాడు. తల ఎత్తలేదు.

నేనే నోరు జారాను. "ఏం జేద్దును? బాపుకు సుగరుండె, నాకు రాసిపెట్టింది. మన నెత్తురే గసొంటిది."

కమల లేచి కూర్చుంది. "గదే నెత్తురు గద నాది గుడ. మరి నాకెందుకు రాలే సుగరు?"



జూలై 6

స్వప్న వచ్చింది. కమల బిడ్డ, హైదరాబాద్‌లో జీవశాస్త్రం చదువుతోంది. వాళ్లమ్మ అడిగిన ప్రశ్నే దీన్ని అడిగాను.

"పెద్దమ్మా, నీ జీన్సూ అమ్మ జీన్సూ ఒక్కటే. కని వాటి మీద గుర్తులు పడుతుంటయి. తిండి, నిద్ర, పొగ, ఫికర్... అన్నిటి గుర్తులూ పడుతయి. గా గుర్తులతోని కొన్ని జీన్స్ పనిజేస్తయి, కొన్ని ఊకుంటయి."

"మా దీపాల లెక్కనా? అన్నీ ఒక్కతీరు దీపాలే. ఏది ఎలిగిస్తే అది."

పకపకా నవ్వింది. "గంతే పో! దీన్ని ఎపిజెనెటిక్స్ అంటరు."

"పడ్డ గుర్తులు పోతయా?"

నవ్వు ఆపింది. "కొన్ని మారుతయి. ఏవి, ఎంత... ఎవలకూ పూర్తిగ తెల్వది పెద్దమ్మా."

అంత మాత్రం చాలు నాకు.

జూలై 27

స్వప్న వాళ్ల ల్యాబ్‌లో పరిశోధన కోసం రక్తం తీసుకుంటున్నారంటే నేనూ ఇచ్చి వచ్చాను. అందులో ఆ గుర్తులు లెక్కగట్టి ఈ రోజు ఫోన్ చేసింది. పుట్టిన లెక్కన నాకు నలభై ఏడు. ఒంటి లెక్కన యాభై ఆరట.

అద్దంలో చాలాసేపు చూసుకున్నాను. కోపం వచ్చింది. మంచి కోపం.

ఆగస్టు 3

పరువు పోయింది. అన్నం పూర్తిగా మానేశాను, నిమ్మకాయ నీళ్లు తాగి షిఫ్టుకు పోయాను. దీపాల రాక్ దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. కంపెనీ దవాఖానలో సెలైన్ ఎక్కించారు.

ఆగస్టు 4

స్వప్న ఫోన్‌లో ఒకటే అరుపు. "కడుపు మాడ్చుకుంటే గుర్తులు పోతయనుకున్నవా? అమ్మకు పనికొచ్చే ఒళ్లు గావాల్నా, ఎండిన కట్టె గావాల్నా?" తిట్టి తిట్టి చివరికి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఇద్దరం మాట్లాడుకుని, నేను రోజూ తినగలిగేదేదో తేల్చుకున్నాం. ఒంటిపూట జొన్న రొట్టె. ఒంటిపూట పిడికెడంత అన్నం, దాని చుట్టూ కూర, పప్పు. పొద్దున రాగుల తైదంబలి లేదా ఉడికించిన పెసర్లు. చక్కెర లేని చాయ్... అదొక్కటే ప్రాణసంకటం.

ఆగస్టు 17

భూమన్న బస్సులో జొన్నల సంచి పంపాడు. నా రొట్టెలు విరిగిపోతున్నాయి. కమల వీడియో కాల్‌లో నేర్పుతోంది — "నీళ్లు మస్తు కాగనియ్యక్కా, గప్పుడే పిండి వొయ్యి!" డయాలసిస్ అయి వచ్చిన రోజు కూడా గొంతు ఖంగున మోగుతోంది. నాకు తిట్లు పెట్టడమే దానికి బలం మందు.

సెప్టెంబర్ 9

తిండి సరిగ్గా ఉన్నా బీపీ దిగట్లేదు. నిద్ర లేకపోతే దిగదంది డాక్టరమ్మ.

షిఫ్ట్ ఇన్‌చార్జి శంకరన్న దగ్గరికి పోయి, పగటి డ్యూటీ ఒక్కటే వేయమన్నాను. "అందరడుగుతరు విమలక్కా, నేనెట్ల ఇయ్యాలె?"

"అందరి చెల్లెండ్లు కిడ్నీ కోసం ఎదురుచూస్తలేరు గద, అన్నా."

ఆయన కలం పక్కన పెట్టాడు. ఇంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడగలనని నాకూ అప్పుడే తెలిసింది.

సెప్టెంబర్ 12

పగటి డ్యూటీ వచ్చింది. రాత్రి తొమ్మిదింటికే పడుకున్నా. తెల్లారేదాకా మెలకువ లేదు. ఎన్నేళ్లయింది ఇలా...

అక్టోబర్ 2

బతుకమ్మల దగ్గర పళ్లెం నిండా బెల్లం, రొట్టె కలిపిన మలీద ముద్దలు. ఒక ముద్ద తిన్నాను. రెండోది తినలేదు. చప్పట్లు కొడుతూ ఆడాను. కాళ్లు బరువనిపించలేదు.

అక్టోబర్ 27

దసరా తర్వాత బరువు పెరిగింది.  సాయంత్రం గ్రౌండ్ చుట్టూ కసితో నడిచాను. ఇంటికి వచ్చి చక్కెర డబ్బా పక్కింటామెకు ఇచ్చేశాను.

నవంబర్ 16

ఖానాపూర్. చేనంతా తెల్లగా పత్తి. కమల గట్టు మీద కూర్చుని, ఏరేవాళ్లను చూస్తోంది. నేను పక్కన కూర్చోగానే మొదలుపెట్టింది.

"అక్కా, నాకొద్దు నీ కిడ్నీ."

"ఏమొచ్చింది నీకు?"

"నాకోసం నువ్వు నోరు కట్టుకున్నవ్. కోతలు వడతవ్. రేపు నీకేమన్నయితే నేనేం మొఖం వెట్టుకొని బతకాలె?"

దవడ బిగుసుకుంది దానికి. చిన్నప్పుడు మొండికేసినా అంతే. బతిమాలితే లొంగదు. నేను లేచి, గట్టు మీదుగా చేను చివరిదాకా పోయి, అలాగే వెనక్కి వచ్చాను. ఆయాసం లేదు. దాని ముందు నిలబడి ఊపిరి పీల్చి చూపించాను.

"జూన్‌ల ఇంట్లకెల్లి బస్సుదాక నడిస్తె రొప్పెడిదాన్ని. యాదికున్నదా? ఇది నీకోసం షురూ జేసిన, కమలా. గిప్పుడు నాకోసం జేస్తున్న. నువ్వు తీస్కోకున్నా ఆపను. తీస్కుంటే ఇద్దరం బతుకుతం. గంతే."

 కమల పత్తి చేనుకేసి చూస్తూనే, "రొట్టె ఇంకా ఇరుగుతుందా?" అంది.

"ఇరుగుతలేదు."

"అయితే మల్లొచ్చినప్పుడు చేసి వెట్టు. చూస్త."

డిసెంబర్ 8

చేశాను. తింది. డయాలసిస్ వాళ్లు పెట్టిన పథ్యానికి లోబడి తిన్న ఆ సగం రొట్టెలోనే తప్పులు పట్టింది. గాజులు నా చేతికి వదులయ్యాయి, దాని చేతికీ వదులే. దానివి రోగంతో, నావి... ఈ వాక్యం పూర్తి చేయాలని లేదు.

డిసెంబర్ 29

రెండోసారి రక్తం ఇచ్చి చాలా రోజులైంది. స్వప్న ఫోన్. ముందే హెచ్చరించింది — "గీ లెక్క జెర అటిటు ఊగుతది, మురిసిపోకు." సరే చెప్పమన్నాను. ఒంటి వయసు యాభై ఒకటికి దిగిందట. మురిసిపోవద్దన్న పిల్లే ఫోన్‌లో ఈల వేసింది.

జనవరి 18



కరీంనగర్‌లో పరీక్షలన్నీ మళ్లీ చేశారు. సుగర్ మామూలుకు వచ్చింది. గోళీ లేకుండానే బీపీ అదుపులో నిలబడింది. కాలేయం మీద కొవ్వు ఆనవాలు మాత్రమే. డాక్టరమ్మ పాత కాగితాలు, కొత్త కాగితాలు పక్కపక్కన పెట్టి చూసింది. అద్దాలు తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"విమల గారూ, ఒక కిడ్నీతో మీరు మిగతా జీవితమంతా ఇలాగే ఉండాలి. మళ్లీ పాత తిండి, పాత నిద్ర అయితే సుగర్ మళ్లీ వస్తుంది. మాట ఇవ్వగలరా?"

"ఇస్త మేడం."

సంతకం పెట్టింది. ఇక హైదరాబాద్ వాళ్లు చూసుకుంటారట.

వరండాలో కమల. ఈసారి అడిగింది. "ఏమన్నది?"

 తల ఊపాను. అది నా రెండు చేతులూ పట్టుకుంది. భూమన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి. అక్కడున్న వాళ్లంతా మావైపే చూస్తున్నారు. చూడనీ. గెలిచాను. నా ఒంటి మీద నేను గెలిచాను!

జనవరి 20

లాంప్ రూమ్‌లో అందరికీ తెలిసిపోయింది. బాయి నుంచి పైకొచ్చిన వాళ్లు దీపాలు తిరిగిస్తూ ఒక్కొక్కరు ఒక్కో మాట. ఒకాయన బొగ్గు మసి చేతులతోనే దండం పెట్టాడు. శంకరన్న మిఠాయి డబ్బా తెచ్చి, నా దగ్గరికి రాగానే నాలుక్కరుచుకుని జామపండు ఇచ్చాడు.

ఫిబ్రవరి 11

హైదరాబాద్. చేరి నాలుగు రోజులైంది. కత్తితో కోస్తారని భయపడతాననుకున్నా. భయం ఉంది. కానీ కిందెక్కడో, నీళ్లడుగున రాయిలా. పైన మాత్రం తేటగా ఉంది.

ఫిబ్రవరి 12

పొద్దున్నే ఇద్దరికీ పచ్చ గౌన్లు తొడిగారు. పక్కపక్క మంచాలు. కొత్త నర్సు వచ్చి కాగితం చూసి, మమ్మల్ని చూసి, మళ్లీ కాగితం చూసింది. "మీలో పేషెంటు ఎవరు?"

కమల నవ్వు ఆపుకోలేకపోయింది. "గిన్ని నెలల సంది నేనేనమ్మా" అంది. నర్సు పేర్లు అడిగి, చేతిపట్టీలు రెండుసార్లు చదివి, నా పొట్ట ఎడమ పక్కన పెన్నుతో గీత గీసింది.

మందులు, నా కిడ్నీని దాని ఒళ్లు ఒప్పుకోవడం, నా మిగతా బతుకు... ఇంకా ఎన్ని ఉన్నాయో. స్వప్న తలుపు దగ్గర నిలబడి గోళ్లు కొరుకుతోంది. భూమన్న కిందికి పోయాడు, చాయ్ తాగడానికట. తాగడు.

కమల చెయ్యి చాపింది. మంచాల మధ్య దూరం ఎక్కువ. అందలేదు. నేను ఇటు నుంచి చాపాను... వేళ్లు తగిలాయి.

పిలుస్తున్నారు. ముందు నన్నే.